చిన్నదే కదా, మాస్టారూ!



చాలాకాలానికి మళ్ళీ ఇక్కడ వ్రాస్తున్నాను. కంటి శుక్లాల ఆపరేషను, ఆ తరువాత బద్ధకం, రెండూ కారణాలే. ఈ టపాకు మాత్రం కారణం వేరు. లోపల ఒక మాట పదేళ్ళుగా ముల్లులా ఉన్నది. మొన్న శనివారం అది మళ్ళీ గుచ్చుకున్నది.

ఆ రోజు సింగరకొండకు వెళ్ళాను. ప్రసన్నాంజనేయస్వామి దర్శనం చేసుకొని బయటికి వస్తూంటే ఒక క్రొత్త కారుకు పూజ జరుగుతున్నది. ముందుభాగాన పసుపుకుంకుమలతో ఓంకారం, అద్దానికి బంతిపూల దండ, నాలుగు చక్రాల క్రింద నాలుగు నిమ్మకాయలు. కారు చిన్నది. దాని నొసటనున్న ముద్ర మాత్రం పెద్దది, జర్మనీ దేశానిది. యజమాని నా పూర్వ విద్యార్థి; బల్లికురవ వైపు గ్రానైటు వ్యాపారంలో బాగుపడ్డాడు. వంగి కాళ్ళకు మ్రొక్కి, నేను అడగకముందే, "చిన్నదే, మాస్టారూ! ఎంట్రీ మోడల్" అన్నాడు.

వాడి వినయాన్ని శంకించను. కానీ ఆ "చిన్నదే"లోని ఏకారం ఉన్నదే, వ్యాకరణం దానిని అవధారణార్థకం అంటుంది. అంటే మాటను గట్టిగా పట్టి నిలపటం. చిన్నది అని ఊరకనే చెప్పటం వేరు, చిన్నదే అని నొక్కటం వేరు. నొక్కినప్పుడు ఎవరో ఒకరు క్రింద పడి నలుగుతారు. ఎవరు నలుగుతారో చెప్పటానికే ఈ వ్యాసం.

పత్రికలలో వాణిజ్యపుటలు చదివే అలవాటున్నవారికి ఒక వాక్యం గుర్తుండే ఉంటుంది: "విలాసవంతమైన కార్లు ఇక సామాన్యునికీ అందుబాటులో." ఈ వాక్యానికి మంచి ఊపు వచ్చిన కాలం 2013, 2014. 2013 మే నెలలో మెర్సిడెస్ బెంజ్ వారు ఏ-క్లాసు అనే చిన్న కారును 21.93 లక్షల ప్రారంభ ధరకు మనదేశంలో విడుదల చేశారు. అదే సంవత్సరం సెప్టెంబరులో బీఎండబ్ల్యూ వారి 1 సిరీస్ 20.90 లక్షలకు వచ్చింది. 2014 ఆగస్టులో ఆడి వారి ఏ3 వచ్చింది, 22.95 లక్షలకు. ముగ్గురు మల్లులు, రెండు లక్షల వెడల్పున్న గోదా. దీనినే "పోటీ ధర" అన్నారు.

పోటీ ఎవరితో ఎవరికి? ఒక బడిపంతులుగా ఈ ప్రశ్న అడగక తప్పదు. ధర తగ్గించటంలో పోటీ అయితే కొనేవానికి మేలు. ఇక్కడ జరిగినది అది కాదు. ముప్పై యేళ్ళ వయస్సులో మంచి జీతం అందుకొంటున్న కుర్రవాని తలలోకి ముందుగా ఎవరి ముద్ర ప్రవేశిస్తుందన్నదే పోటీ. ఒకసారి ఈ మెట్టు ఎక్కినవాడు రేపు పై మెట్టు ఎక్కకపోతాడా అన్నది వ్యాపార సూత్రం. వ్యాపారి వ్యాపారం చేస్తే తప్పుపట్టను. ఆ వ్యాపారాన్ని సామాన్యోద్ధరణగా వర్ణించిన మనవాళ్ళనే తప్పుపడుతున్నాను.

ఇంకొక రహస్యం చెప్పనా? అది రహస్యమూ కాదు, అందరికీ తెలిసినదే. ఆడి ఏ3 ఏ పునాదిమీద నిర్మితమైనదో, ఫోక్స్‌వ్యాగన్ సమూహానికే చెందిన స్కోడా ఆక్టేవియా కూడా ఆ పునాదిమీదనే నిర్మితమైనది. ఆ ఆక్టేవియా 2013లో 13.95 లక్షలకు మొదలైంది. రెండింటికీ మధ్య తోలు, రంగు, నాజూకు, హంగు మొదలైన భేదాలు ఉన్నవి, కాదనను. కానీ తొమ్మిది లక్షల తేడాలో ఎంత భాగం ఇనుముది, ఎంత భాగం ముద్రది? కంసాలి దగ్గర మజూరీకీ తరుగుకీ లెక్క అడుగుతాం. ఇక్కడ అడగం. అడిగితే మన అంతస్తు తగ్గుతుందని భయం.

"విలాసం" అన్న మాటకు నిఘంటువులలో లీల, సొగసు, శృంగారచేష్ట అనే అర్థాలున్నవి. మా చిన్నతనంలో ఉత్తరంమీద వ్రాసే చిరునామాను కూడా విలాసమే అనేవారు. "మీ విలాసం వ్రాసి పంపండి" అని మా తాతగారి ఉత్తరాలలో ఉండేది. ఇప్పుడు ఆ రెండర్థాలూ కలిసిపోయినవి. ఏ ముద్ర ఉన్న బండి ఎవని గుమ్మం ముందు నిలిచి ఉన్నదో అదే వాని విలాసం. ఇంటి నంబరు అక్కరలేదు.

ఇక నా ముల్లు సంగతి.

2015. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. వరుసకు బావ అయిన ఒక పెద్దమనిషి ఒక సంబంధం తెచ్చాడు. అబ్బాయి బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి, చూడచక్కనివాడు, మాట మెత్తన. "వాళ్ళు కట్నం ప్రసక్తే ఎత్తటం లేదు బావా, మర్యాదస్థులు" అన్నాడు మధ్యవర్తి. నాకు సంతోషం వేసింది. వరకట్న నిషేధచట్టం వచ్చి యాభైనాలుగేళ్ళైనా దానిని పాటించే ఇల్లు ఒకటి దొరికిందనుకొన్నాను. మాటలు పూర్తయి కాఫీలు త్రాగుతూండగా అబ్బాయి తండ్రి, ఏదో మరచిపోయినది గుర్తుకువచ్చినట్లు, "పిల్లలు తిరగటానికి ఒక కారుంటే బాగుంటుంది" అన్నారు. పేరు కూడా చెప్పారు. ఆ పేరు ఇక్కడ వ్రాయను. నా ముఖంలో ఏమి కనిపించిందో, వెంటనే నవ్వి, "పెద్దది కాదండీ. చిన్నదే కదా, మాస్టారూ!" అన్నారు.

నాకు కార్లు తెలియవు. చిన్నదంటే మారుతి వంటిది కాబోలు, నాలుగైదు లక్షలు, పీఎఫ్ అప్పు పెడితే సరిపోతుందనుకొన్నాను. తోటి ఉపాధ్యాయుడు ఒకరిని వెంటబెట్టుకొని విజయవాడ వెళ్ళాను. అద్దాల మేడ. లోపల చల్లదనం, పూలవాసన. టై కట్టుకొన్న పిల్లవాడు మంచినీళ్ళిచ్చి, "ధర చాలా కాంపిటీటివ్‌గా పెట్టాం సార్" అన్నాడు. కాగితంమీద ఇరవైమూడున్నర లక్షలున్నది. జీవితకాలపు పన్ను, బీమా, ఇతరాలు కలిపి రోడ్డెక్కేసరికి ఇరవైఎనిమిదికి దగ్గరగా వస్తుందన్నాడు. మంచినీళ్ళు త్రాగి బయటికి వచ్చాము. తిరుగు బస్సులో మేదరమెట్ల దాకా ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

ఇక్కడ నేను వీరగాథ చెప్పబోవటం లేదు. తిరిగివచ్చి ఆ సంబంధం వద్దన్నానని వ్రాసుకొంటే చదవటానికి బాగుండును. నిజం అది కాదు. మర్నాడు ఉదయమే పొలాల బేరగాని ఇంటికి నడిచి వెళ్ళాను. మా నాన్నగారి నుండి సంక్రమించిన రెండెకరాల నల్లరేగడి ఉన్నది. ఎంత వస్తుందని అడిగాను.

సాయంకాలానికల్లా ఆ మాట ఊరు చుట్టివచ్చింది. ఆ పొలం కౌలుకు చేస్తున్న రైతు మా వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "పొలం అమ్ముతున్నారంట గదయ్యా. ఈ పంట కోసుకోనిస్తారా?" అన్నాడు. అప్పుడే మొక్కలు నిలదొక్కుకొంటున్నవి. నేను జవాబు చెప్పేలోగా మా అమ్మాయి లోపలినుండి వచ్చి, సంగతి విని, అతనిని పంపివేసి, నా ఎదుట కూర్చున్నది.

"నాన్నగారూ, పదో తరగతిలో మీరే మాకు సమాసాలు చెప్పారు. వరకట్నానికి విగ్రహవాక్యం చెప్పండి" అన్నది.

నేను చెప్పలేదు.

ఆ సంబంధం అదే ముగించింది, నేను కాదు. తరువాత దానికి నచ్చిన సంబంధం దొరికింది. కారు మాట ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు తన జీతంతో ఒక పాత మారుతి కొనుక్కొన్నది. పొలం ఇంకా ఉన్నది. అదే రైతు చేస్తున్నాడు. వాకిట్లో అతడు నిలబడిన తీరు మాత్రం నాకు ఈనాటికీ కళ్ళముందే ఉన్నది.

ఇంతకూ నా వాదమిది. బెంజి కారు యాభై లక్షలున్న రోజులలో ఏ వియ్యంకుడూ ఒక తెలుగు పండితుని బెంజి కారు అడగలేదు. అడిగితే లోకం నవ్వును. ధరను ఇరవై లక్షలకు దించి, ఆకారాన్ని కుదించి, "చిన్నది" అని పేరు పెట్టిన మరుక్షణం అది అడగదగిన వస్తువైంది. అందుబాటు అన్న మాటకు రెండు చేతులున్నవి. మన చేయి దానికి అందటం ఒకటి. దాని చేయి మన మెడకు అందటం రెండవది. పత్రికలు మొదటి చేతిని మాత్రమే చూపించినవి.

దీనికి విపర్యయంగా జరిగిన కథ ఒకటున్నది. 2009 మార్చిలో టాటావారు నానో కారును విడుదల చేశారు. లక్ష రూపాయల కారు. వానలో ఒకే స్కూటరుమీద భార్యాబిడ్డలతో పోతున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు ఆ ఆలోచన వచ్చిందని అందరికీ తెలుసు. నా దృష్టిలో సామాన్యునికి అందుబాటు అంటే అది. ఏమైంది? 2018 నాటికి దాని తయారీ ఆగిపోయింది. లోపాలూ ఉన్నవి, కొన్ని బండ్లకు నిప్పంటుకొన్న వార్తలూ వచ్చినవి. కానీ "చౌక కారు" అన్న ముద్ర దానిని దెబ్బతీసిందని రతన్ టాటాయే తరువాత అన్నారు. లక్ష రూపాయల చిన్న కారు ఎక్కటానికి మనం సిగ్గుపడ్డాము. ఇరవైరెండు లక్షల చిన్న కారు కోసం పొలాలు బేరం పెట్టాము. రెండూ చిన్నవే! కనుక చిన్నతనం కొలతలో లేదు.

కొలత అన్నాను కాబట్టి కొలత సంగతీ చూద్దాం. 2006 బడ్జెటులో చిన్న కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుండి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే పొడవు నాలుగు మీటర్లకు మించరాదు. ఇంజను పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటరాదు. ఉద్దేశం మంచిదే. దానికి పరిశ్రమ ఎట్లా జవాబిచ్చిందో మన రాష్ట్రంలోనే చూడవచ్చు. విజయనగర రాజులకు రెండవ రాజధాని అయిన పెనుకొండ దగ్గర, అనావృష్టి పీడించే సీమలో, కియా వారి కర్మాగారం వెలసింది. 2019లో సెల్టాస్, 2020 సెప్టెంబరులో సోనెట్ అక్కడినుండి వచ్చినవి. సోనెట్ పొడవు 3995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు తక్కువ, అంటే ఒక కందిగింజంత! చట్టం గీసిన గీతకు కందిగింజ దూరంలో ఆగి, లోపల తెర, పైన కిటికీ, ప్రక్కన వెలుగులు చేర్చి, ధరను పైపైకి కొనిపోవటమే నేటి విద్య. ఇది ఒక్క కియా వారిదే కాదు, అందరిదీ. చిన్న కారు పేరుతో ఇచ్చిన రాయితీ చిన్నవానికి ఎంత చేరింది, విలాసానికి ఎంత చేరిందన్న లెక్క ఎవరూ అడగరు.

2025 సెప్టెంబరు 22 నుండి జీఎస్టీ మారింది. చిన్న కార్లమీద సెస్సుతో కలిపి 29, 31 శాతాలుగా ఉన్న పన్ను 18కి దిగింది. సంతోషం. పెద్ద కార్లమీద సెస్సుతో కలిపి 45 నుండి 50 శాతం దాకా ఉన్నది 40 అయింది. నలభై శాతం అనగానే ధనికులపై పిడుగు పడినట్లు వినిపిస్తుంది. ఎక్కాలు వచ్చినవారు గుణించి చూడండి. పన్ను లేకుండా నాలుగు లక్షలు చేసే పెట్రోలు బండికి 29 శాతం 18 అయితే మిగిలేది 44 వేలు. పన్ను లేకుండా యాభై లక్షలు చేసే బండికి 50 శాతం 40 అయితే మిగిలేది అయిదు లక్షలు. శాతాలలో చూస్తే పేదవానికి ఎక్కువ తగ్గింది. రూపాయలలో చూస్తే సంగతి వేరు. ఈ విషయాన్ని కూడా "అందుబాటు" ఖాతాలోనే వ్రాశారు.

అదే 2025లో మా ప్రాంతంలో ఇంకొక ధర నిర్ణయమైంది. మిరప ధర. రెండేళ్ళ క్రితం క్వింటాలు ఇరవైవేలు దాటిన సరుకు, ఆ యేడు గుంటూరు యార్డులో పది, పదకొండు వేలకు పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకొని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. విత్తనం, పురుగుమందు, కౌలు, కోతకూలి, కళ్ళంలో ఆరబోత, శీతల గిడ్డంగి అద్దె, ఇవన్నీ పోను రైతుకు ఏమి మిగిలిందో ఊహించుకోండి. ఆ తాలుకాయల రేటు సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇప్పుడు ఈ రెండు ధరలనూ ప్రక్కప్రక్కన పెట్టండి. 2013లో 21.93 లక్షలకు వచ్చిన ఆ ఏ-క్లాసు పేరుతోనే 2021లో మెర్సిడెస్ వారు సెడాన్ తెచ్చారు. ధర 39.90 లక్షలు. దానిని 11,781తో భాగించండి. సుమారు 339 క్వింటాళ్ళు. ఎకరానికి ఇరవై క్వింటాళ్ళ దిగుబడి అనుకొంటే పదిహేడెకరాల మొత్తం పంట, ఖర్చు ఒక్క రూపాయి తీయకుండా! ఒకరు తన వస్తువుకు తానే ధర నిర్ణయించి, తొంభైఅయిదువేల దగ్గర ఆపాలా, తొంభైమూడువేల దగ్గర ఆపాలా అని చల్లని గదిలో కూర్చుని చర్చిస్తాడు. ఇంకొకడు టిక్కీలు లారీకెత్తి, యార్డులో మచ్చు చూపించి, ఎదుటివాడు ఎంతంటే అంతకు తల ఊపి ఇంటికి వస్తాడు. ఇద్దరి సరుకూ ఒకే రహదారిమీద పోతుంది. పోటీ ధర అన్న మాట ఈ రెండవవానికి ఎవరూ ఎందుకు నేర్పలేదు?

పోనీ, ఆ చిన్న విలాసాల మెట్టయినా నిలిచిందా? నిలవలేదు. 1 సిరీస్, ఏ3 మన విపణినుండి తప్పుకొన్నవి. 2022 మే నెలలో మెర్సిడెస్ వారు ప్రపంచానికంతటికీ తమ క్రొత్త విధానం ప్రకటించారు. ప్రవేశస్థాయి నమూనాలను ఏడునుండి నాలుగుకు తగ్గిస్తారట. పెట్టుబడి అధికభాగం పై శ్రేణులకట. లాభం అక్కడే ఉన్నదని దాపరికం లేకుండా చెప్పారు. వారి నిజాయితీని మెచ్చుకొంటాను. అంటే, సామాన్యునికి విలాసం అందుతుందని మనం సంబరపడిన ఆ మెట్టు ఎనిమిదేళ్ళు వాకిట్లో వేసిన తివాచీ మాత్రమే. అతిథులు లోపలికి వచ్చాక చుట్టి పెట్టారు.

నాకు రాగల ఆక్షేపణలు తెలుసు. ఒకటి, "ముసలాయన అసూయ." కావచ్చు. అసూయాపరుడు కూడా గుణకారం సరిగా చేయగలడు. రెండు, "పెనుకొండలో పిల్లలకు ఉద్యోగాలు వచ్చినవి కదా." వచ్చినవి, రావాలి కూడా. కర్మాగారాన్ని నేను నిందించలేదు. మూడు, "ఖరీదైన బండిలో ప్రాణానికి రక్షణ ఎక్కువ." ఇది బలమైన మాట, దీనికి జవాబు చెప్పాలి. మన దేశంలో డ్రైవరు ముందరి గాలిసంచీ 2019 జూలైలో గాని తప్పనిసరి కాలేదు. ప్రక్క సీటులో కూర్చున్నవారికి, అంటే సాధారణంగా భార్యకో తల్లికో, అది అన్ని కార్లలో తప్పనిసరి అయ్యేసరికి 2022 వచ్చింది. ప్రాణరక్షణ విలాసవస్తువుల పట్టికలో ఎందుకున్నదని అడగవలసింది పోయి, అది కొనుక్కోగలిగినవాడు తెలివైనవాడంటున్నాము. అడగవలసిన ప్రశ్న అడగకపోవటమే నా ఫిర్యాదు.

మా అద్దంకికి పేరు వచ్చినది వాహనాలవల్ల కాదు. 848 నాటి పండరంగని శాసనంలో ఒక తరువోజ పద్యం ఉన్నది, దానివల్ల. ఎఱ్ఱాప్రగడకు ఆశ్రయమిచ్చిన ప్రోలయ వేమారెడ్డి ఇక్కడినుండి ఏలాడు, దానివల్ల. ఆ రాజుకు గుర్రాలూ ఏనుగులూ ఎన్ని ఉండేవో మాకు తెలియదు, అక్కరా లేదు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని మాత్రం ఇన్ని వందల యేండ్లు చెప్పుకొంటున్నాము. ఆ మెట్లు ఎక్కటానికి ప్రారంభ ధర లేదు.

సింగరకొండ దగ్గర నా శిష్యుడు తాళంచెవి నా చేతికిచ్చి ఆశీర్వదించమన్నాడు. తన కష్టార్జితంతో కొనుక్కొన్నాడు, ఎవరి పొలమూ అమ్మించలేదు. నిండుమనసుతో ఆశీర్వదించాను. తరువాత ప్రక్కకు పిలిచి, "నీకు కొడుకున్నాడు కదరా. రేపు వాడి పెళ్ళిమాటలలో ఈ 'చిన్నదే' అన్న మాట నీ నోటినుండి రానీయకు" అన్నాను. వాడు నవ్వబోయి ఆగాడు. నా కథ వాడికి తెలియదు. అయినా ఏదో అర్థమైనట్లున్నది. "రానీయను, మాస్టారూ" అన్నాడు. బండి కదిలింది. చక్రాల క్రింద నిమ్మకాయలు చితికినవి.

మీ అభిప్రాయాలు వ్రాయండి. అసూయ అనదలచినవారికి జవాబు పైననే ఉన్నది. ఇంకొక కోరిక. మీ ఇళ్ళలోనూ ఇట్లాంటి "చిన్నది" ఒకటి జరిగి ఉంటుంది. అది కూడా వ్రాయండి.

సెలవు.